రెండో స్లాట్

మా ఇంట్లో ఏ వస్తువైనా రెండుంటాయి. గ్యాస్ రెగ్యులేటర్లు రెండు. కుక్కరు రబ్బర్లు రెండు. ఫ్యాన్ కెపాసిటర్లయితే నాలుగు, కుళాయి వాషర్లు ఒక డబ్బాడు. నా కళ్లజోడు ఒకటి ముక్కు మీద ఉంటే రెండోది బీరువాలో ఉంటుంది. ముప్పై ఏళ్లుగా పడవల వర్క్‌షాపులో స్టోర్ కీపర్‌గా చేస్తున్నవాడి ఇల్లు మరెలా ఉంటుంది? చుట్టాలొచ్చినప్పుడల్లా మా ఆవిడ ఆ డబ్బాలన్నీ చూపించి, "అన్నీ రెండేసి పెట్టుకుంటారు ఈయన, కూతురు మాత్రం ఒక్కతే" అని నవ్వించేది. నేనూ అందరితో పాటు నవ్వేవాణ్ని. ఈ మధ్య ఆవిడ ఆ మాట అనడం మానేసింది.

ఇదేదో పిసినారితనమో పిచ్చో అనుకోకండి. మెయిన్‌లాండ్‌లో బల్బు పోతే చొక్కా తగిలించుకుని వీధి చివరికెళ్లి తెచ్చుకుంటారు. ఈ దీవిలో అలా కాదు. ఇక్కడ దొరికేవి దొరుకుతాయి, దొరకనివి దొరకవు, అంతే. ఆన్‌లైన్‌లో చూస్తే అన్నీ ఉన్నట్టే ఉంటాయి. గంటసేపు వెతికి, బేరీజు వేసి, తీరా పిన్‌కోడ్ కొడితే మీ చిరునామాకి పంపలేము అని వస్తుంది. ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది అప్పుడు. అందుకే మా దగ్గర ఒక పద్ధతుంది. ఎవరైనా వైజాగో చెన్నైయో వెళ్తున్నారని తెలిస్తే చాలు, చీటీ పట్టుకుని వాళ్లింటికి వెళ్లి కూర్చుంటాం. వాళ్లూ ఏమీ అనుకోరు, రేపు మనం వెళ్లినప్పుడు వాళ్లు చీటీ ఇస్తారు కాబట్టి. అలా వచ్చిన వస్తువు మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలీదు. తుఫాను పట్టిందంటే షిప్పే రాదు. అలాంటి చోట చేతిలో ఒకటి ఉంటే సరిపోదని నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను.

దానికి తోడు నన్ను పాడు చేసిన సంగతొకటుంది. ఓ వానాకాలం దీవులకి మనుషుల్ని చేరవేసే పడవ ఒకటి ఇంజన్ ఆగిపోయి జెట్టీ దగ్గర కూలబడింది. పంపులో వేసే చిన్న సీలు పోయింది, అరచేతిలో పట్టేంత. మెయిన్‌లాండ్ నుంచి రావాలంటే పదిహేను రోజులు. నేను మాత్రం రూలుకి మించి ఒకటి గ్రీజు కాగితంలో చుట్టి అటక మీద దాచాను. తీసిచ్చాను. పడవ ఆ మధ్యాహ్నమే కదిలింది. మా ఆఫీసరు అందరి ముందూ నా భుజం తట్టి, మనిషంటే ఇలా ఉండాలి అన్నాడు. ఆ తట్టిన తట్టుడు ఇప్పటికీ నా భుజం మీదే ఉంది. నా కొంప ముంచింది అదే.

ఇంకో అలవాటూ ఉంది నాకు, అదీ చెప్పేయాలి. వచ్చిన వస్తువు వచ్చిన రోజే ఇవ్వను. సమయం చూసి ఇస్తాను. అమ్మాయికి సైకిలు వచ్చినప్పుడు పక్కింట్లో రెండు వారాలు దాచి, పుట్టినరోజు పొద్దున్న గుమ్మం ముందు నిలబెట్టాను. పదో తరగతి పరీక్షలప్పుడు వాచీ తెప్పించి, నెల రోజులు నోరు మెదపకుండా, మొదటి పరీక్షనాడు అది చెప్పులేసుకుంటుంటే చేతికి కట్టాను. పిల్ల నా మెడ పట్టుకుని ఊగిపోయింది. ఆ ఊగడం కోసమే ఈ దాచడమంతా.

అమ్మాయికి తుపాకుల ఆట వచ్చు. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు, కంప్యూటర్లో కాల్చుకుంటారు. మిన్నీ బేలో దాని స్నేహితురాలింట్లో నేర్చుకుంది. కాలేజీ అయ్యాక సాయంత్రం ట్యూషన్లు చెప్పుకుంటూ, పగలంతా అక్కడే ఉండేది. మొదట్లో నేను వెటకారం చేశాను. ఎంతమందిని చంపావమ్మా ఇవాళ అనేవాణ్ని. అది నిజంగానే లెక్క చెప్పేది. ఓసారి స్నేహితురాలి తండ్రి నాతో, మీ అమ్మాయి ఆడుతుంటే నేనే వెనక నిలబడి చూస్తుంటాను భాయ్‌సాబ్, తెర మీద మనిషి కనబడకముందే కాల్చేస్తుంది అన్నాడు. ఆ మాట విన్నాక వెటకారం తగ్గించాను.

సముద్రం కింద నుంచి కేబుల్ వచ్చాక మా దీవిలో నెట్ కాస్త మనుషుల నెట్‌లా తయారైంది. అప్పుడే మెయిన్‌లాండ్‌లో ఆడపిల్లలతో ఒక జట్టు కడుతున్నారని తెలిసి అమ్మాయి పేరిచ్చింది. ఎంపికైతే ఇంట్లోంచే ఆడొచ్చు, నెలనెలా జీతం, ఏడాదికి రెండుసార్లు పోటీలకి వాళ్లే పిలిపించుకుంటారు. మొదటి రెండు వడపోతలు స్నేహితురాలి కంప్యూటర్ మీదే దాటేసింది. చివరిది, అసలు పరీక్ష, ఇంకో అయిదు నెలలకి. ఇంతలో ఆ స్నేహితురాలి తండ్రికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఇల్లు ఖాళీ చేసి, కంప్యూటర్‌తో సహా మెయిన్‌లాండ్ వెళ్లిపోయారు.

అమ్మాయి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. విడి భాగాల జాబితా. తన ట్యూషన్ల సంపాదనతో ఎంత వస్తుందో అంతే రాసింది, ఒక్క రూపాయి నన్ను అడగలేదు. గ్రాఫిక్స్ కార్డు అందులో లేదు, అది మా తాహతుకి మించినది. బొమ్మలు గీసే పని కూడా తనే చేసుకునే ప్రాసెసరు ఒకటి ఎంచుకుంది. మదర్‌బోర్డు చిన్నది, ర్యామ్ అనే మెమరీ పలకలు పెట్టుకోవడానికి రెండు స్లాట్లే. ఆ రెండింటికీ ఎనిమిదేసి జీబీల ర్యామ్‌లు రెండు రాసింది.

స్టోర్ కీపర్‌ని కదా, నా కన్ను సరిగ్గా ఆ వరస మీదే పడింది. రెండు ఎనిమిదులు పెడితే స్లాట్లు రెండూ నిండిపోతాయి. రేపు ఇంకా కావాలంటే రెండూ పీకి పారెయ్యాలి. అదే పదహారు ఒకటి కొంటే ఒక స్లాట్ ఖాళీగా ఉంటుంది, ఎప్పుడైనా ఇంకొకటి పెట్టుకోవచ్చు. ఆ మాటే అన్నాను. అమ్మాయి తల అడ్డంగా ఊపింది. అలా కాదు నాన్నా అని చెప్పడం మొదలెట్టింది.

అది చెప్పిన తీరు నాకింకా గుర్తే. హడ్డో జెట్టీకి షిప్పు వచ్చిందనుకో, దిగే మెట్ల గ్యాంగ్‌వే ఒకటే వేస్తే జనం ఎంతసేపు దిగుతారు, రెండు వేస్తే ఎంతసేపు దిగుతారు అని అడిగింది. ర్యామ్ ఒకటే ఉంటే ఒకటే గ్యాంగ్‌వే. రెండుంటే రెండు. గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి బొమ్మ గీయడానికి కావలసిందంతా ఆ దారినే నడవాలి, దారి ఇరుకైతే బొమ్మ ఆగి ఆగి వస్తుంది. జీబీలు ఎన్ని అన్నది కాదు, ఒకటా రెండా అన్నదే ముఖ్యం అంది. నాకు శుభ్రంగా అర్థమైంది. అర్థం కాలేదని తప్పించుకునే దారి కూడా లేదు నాకు.

అయినా పట్టు విడవలేదు. రెండు పదహార్లు ఒకేసారి కొనే శక్తి దానికి లేదు. సరే, ముందు ఒకటి కొను, పరీక్ష లోపల రెండోది నేను తెప్పిస్తాను, అప్పుడు రెండు గ్యాంగ్‌వేలూ ఉంటాయి, పెద్దవీ ఉంటాయి అన్నాను. అది పెన్ను చేతిలోకి తీసుకుంది. "పక్కా తెప్పిస్తావా నాన్నా?" అంది. పక్కా అన్నాను. జాబితాలో రెండు ఎనిమిదులు కొట్టేసి ఒక పదహారు రాసింది.

ఆ వేసవి సెలవుల్లో ఫెరార్‌గంజ్ బడిలో పనిచేసే మా తెలుగు మాస్టారు వైజాగ్ వెళ్తే సామానంతా ఆయనే మోసుకొచ్చారు, చీరల మధ్యలో పెట్టి. ముందుగది నేల మీద దుప్పటి పరిచి ఇద్దరం కూర్చుని బిగించాం. నాకూ చెయ్యాలనిపిస్తోందని కనిపెట్టి, ర్యామ్ మాత్రం నన్నే పెట్టమంది. గాడి చూసుకుని రెండు బొటనవేళ్లతో నొక్కాను. క్లిప్పులు టక్‌మని పడ్డాయి. తెర వెలగ్గానే నేను చప్పట్లు కొట్టాను, వంటింట్లోంచి మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. అలాంటి రోజులు మనిషి బతుకులో లెక్కపెట్టుకునేన్నే ఉంటాయి.

మిషను బాగానే నడిచింది, కానీ అది చెప్పినట్టే ఇరుకు దారిలో నడిచింది. ఇద్దరు ముగ్గురు తెర మీద ఉంటే ఫరవాలేదు. పదిమందీ ఒకచోట చేరి పొగబాంబులు వేసుకుంటే బొమ్మ తడబడేది. అమ్మాయి రంగులు తగ్గించింది, నీడలు తీసేసింది, తెర చిన్నది చేసుకుంది. ఆఖరికి మనుషులు మట్టిబొమ్మల్లా కనబడేవాళ్లు. విసుక్కునేది కాదు. రెండోది వచ్చాక చూడు నాన్నా అనేది. రోజుకి రెండుసార్లైనా ఆ మాట అనేది.

మాస్టారు మళ్లీ దసరా సెలవులకి వెళ్లారు. ఆయనకి డబ్బిచ్చి చెప్పాను. అమ్మాయి తనే ఫోన్లో ర్యామ్ మీది లేబుల్ ఫొటో పంపింది, అదే కంపెనీ, అదే వేగం కావాలని. ఆయన షిప్పు వచ్చిన రోజున హడ్డో వెళ్లి తీసుకున్నాను. వెండి కాగితం కవరులో చిన్న పలక, తమలపాకంత కూడా బరువు లేదు. చివరి పరీక్షకి ఇంకా అయిదు రోజులుంది.

అక్కడే ఇచ్చేసి ఉంటే ఈ నాలుగు ముక్కలు రాసే అవసరం వచ్చేది కాదు.

ముందురోజే మా డెయిరీ ఫార్మ్ వీధిలో కరెంటు ఓల్టేజీ ఒక్కసారి ఎగిసింది. ఎదురింటాయన గేటు దగ్గరకొచ్చి, టీవీ గయా భయ్యా అని నెత్తి కొట్టుకున్నాడు. నాకు అదే మనసులో తిరుగుతోంది. జెట్టీ నుంచి బస్సులో వస్తూ ఆలోచించాను. రెండూ మిషన్లో పెట్టేస్తాం, కరెంటు మళ్లీ ఎగిసిందనుకో, రెండూ ఒకేసారి పోతాయి. ఉప్పుగాలికి ఏదైనా ఒక్కరాత్రిలో పోతుంది. పరీక్ష రోజున అలా జరిగితే ఈ దీవి మొత్తం గాలించినా ఇంకొకటి దొరకదు. ఇప్పుడున్న దానితో మిషను నడుస్తూనే ఉంది కదా. నడుస్తున్నది నడవనిచ్చి, ఇది చేతిలో ఉంచుకుంటే, పోయిన క్షణంలో తీసి పెట్టొచ్చు. ఒకటి వాడకంలో, ఒకటి స్టోర్‌లో. ముప్పై ఏళ్లు నన్ను కాపాడిన సూత్రం అది.

నా తెలివికి నేనే మురిసిపోయాను బస్సులో. ఆ సీలు, ఆ ఆఫీసరు, ఆ భుజం తట్టడం అన్నీ కళ్ల ముందు కదిలాయి. పరీక్ష మధ్యలో మిషను ఆగిపోతుంది, పిల్ల ఏడుపుముఖం పెడుతుంది, నేను డబ్బా మూత తీస్తాను. నిజం చెప్పాలంటే, మిషను ఆగిపోవాలనే కోరుకున్నానేమో లోపలెక్కడో. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే అసహ్యమేస్తోంది.

చెప్తే ఒప్పుకోదని తెలుసు, అందుకని చెప్పలేదు. చెప్పుల పెట్టెల్లో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాలు నేను పారెయ్యను. వాటిని నాలుగు వేసి, ర్యామ్‌ని బిస్కట్ డబ్బాలో పెట్టి, బీరువాలో నా చొక్కాల కింద దాచాను. అమ్మాయి ట్యూషన్ నుంచి వచ్చింది. మాస్టారికి ఆ రకం దొరకలేదంట అన్నాను. అది చెప్పులు విప్పుతూ నా మొహంలోకి చూసింది. పెదవి చివర చిన్న నవ్వులాంటిదేదో వచ్చింది. "సరేలే నాన్నా" అని లోపలికి వెళ్లిపోయింది. గొడవ చేస్తుందనుకున్నాను, అంత తేలిగ్గా తీసుకున్నందుకు హమ్మయ్య అనుకున్నాను.

ఆ అయిదు రోజులూ పిల్ల హుషారుగా ఉంది. వాళ్లమ్మకి కొబ్బరి తురిమి పెట్టింది, ఏదో కూనిరాగం తీసేది. ఓ మధ్యాహ్నం మిషను పక్కమూత తీసి, పెయింటు బ్రష్‌తో ఖాళీ స్లాట్‌లో దుమ్ము దులుపుతోంది. ఖాళీదానికి ఎందుకమ్మా దులపడం అన్నాను. ఊరికే నాన్నా అంది. దులపడం మంచి అలవాటే, నా పోలికే వచ్చింది అనుకుని పేపరు చదువుకున్నాను.

పరీక్ష మధ్యాహ్నం మూడింటికి. నేను సెలవు పెట్టాను. పొద్దున్న తొమ్మిదింటికి అమ్మాయి తలస్నానం చేసి వచ్చి మిషను ముందు కూర్చుంది. చూస్తే పక్కమూత తీసే ఉంది, కీబోర్డు పక్కన నా స్క్రూ డ్రైవర్ పడి ఉంది. నాకు ఒళ్లు మండింది. కిటికీ తెరిచి ఉంది, ఉప్పుగాలి సరాసరి లోపలికి కొడుతోంది, పైగా పనిముట్టు తీసిన చోట పెట్టకపోవడం నాకు అసలు గిట్టదు. ఇంత ముఖ్యమైన రోజున ఇదేం నిర్లక్ష్యమే అని కేకలేశాను. మూత నేనే పెట్టి, స్క్రూలు నేనే బిగించి, స్క్రూ డ్రైవర్ పట్టుకెళ్లి పెట్టెలో పడేశాను. అమ్మాయి అంతసేపూ నా చేతుల వంకే చూస్తోంది.

"ఇంకేమైనా ఉందా నాన్నా?" అంది.

దేవుడికి దణ్ణం పెట్టుకో అన్నాను.

మూడింటికి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒళ్లో బిస్కట్ డబ్బా, దాని మీద తువ్వాలు. ముందురోజే, అమ్మాయి ఇంట్లో లేనప్పుడు, గడియారం పెట్టుకుని ర్యామ్ తీయడం పెట్టడం సాధన చేశాను. మూడు నిమిషాలు పట్టింది. చూశారా ఎంత సిద్ధంగా ఉన్నానో.

మిషను ఆగలేదు. కరెంటు పోలేదు. ఏమీ చెడిపోలేదు. మొదటి అరగంట అమ్మాయి వేళ్లు ఎలా కదిలాయో నేను చూశాను, ఆట తెలియని నాకే ఒళ్లు జలదరించింది. తర్వాత అందరూ ఒక చోటికి చేరారు. పొగలు లేచాయి. బొమ్మ ఆగింది, కదిలింది, మళ్లీ ఆగింది. పిల్ల భుజాలు బిగుసుకోవడం వెనక నుంచి కనబడింది. తెర మీద మనిషి కనబడకముందే కాల్చే పిల్ల, కనబడ్డాక కూడా కాల్చలేకపోయింది. ఒకసారి కాదు, ఆ తర్వాత ప్రతిసారీ అంతే. డబ్బా నా ఒళ్లోనే ఉంది.

లేచి ఇవ్వాలనిపించలేదా అని అడగండి. అనిపించింది. ఆట మధ్యలో మిషను ఆపి పెట్టడం కుదరదు, అది నిజం. కానీ రెండు ఆటల మధ్య పది నిమిషాల విరామం ఇచ్చారు, అదీ నిజం. నాకు కావలసింది మూడు నిమిషాలు. ఆ పది నిమిషాలూ నేను కుర్చీలో నుంచి లేవలేదు. ఇప్పుడు తీస్తే అబద్ధం బయటపడుతుందని భయపడ్డాను. నా పిల్ల బతుకు ఎదురుగా తడబడుతుంటే, నేను నా పరువు చూసుకుంటూ కూర్చున్నాను.

వారం తర్వాత ఉత్తరం వచ్చింది, ఫోన్లోనే. అమ్మాయి దాన్ని వాళ్లమ్మకి తెలుగులో చెప్పింది. ఆట తెలివి చాలా బాగుందట, కానీ చేతికీ తెరకీ మధ్య ఆలస్యం ఉందట, నిలకడగా ఆడగలిగిన వేరే అమ్మాయిని తీసుకున్నారట. మా ఆవిడ ఎందుకమ్మా ఆలస్యం అని అడిగింది. నెట్ అమ్మా, మన నెట్ అంతే కదా అంది అమ్మాయి. నేను ఆ మాట చటుక్కున అందుకున్నాను. ఈ దిక్కుమాలిన నెట్, ఈ దిక్కుమాలిన దీవి అని అరగంట తిట్టాను. కేబుల్ వేసినవాళ్లని, వేయించినవాళ్లని, అందరినీ తిట్టాను. అమ్మాయి కంచంలోకి చూస్తూ అన్నం కలుపుకుంది.

ఆ తర్వాత అది ఆట ముట్టుకోలేదు. ఓ రోజు ఆటనే మిషన్‌లోంచి తీసేసింది. సముద్రంలో స్కూబా మునకలు వేయించే ఒక చిన్న దుకాణంలో పని దొరికింది. టూరిస్టులకి నీళ్లలో తీసిన ఫొటోలు ఇంట్లో కూర్చుని రంగులు సరిచేసి పంపాలి. ఎవరెవరో చేపల మధ్య నవ్వుతుంటారు, ఇది వాళ్ల మొహాల మీద నీలం తగ్గిస్తుంటుంది. నాతో మాట్లాడుతుంది, టీ ఇస్తుంది, మందు వేసుకున్నావా అంటుంది. పదిమందిలో మేము బాగున్నట్టే ఉంటాం. మెడ పట్టుకుని ఊగే పిల్ల మాత్రం మళ్లీ కనబడలేదు.

డబ్బా బీరువాలోనే ఉండిపోయింది. ప్రతి నెలా చెమ్మ పొట్లాలు మార్చాను. పారేద్దామని రెండుసార్లు తీశాను కూడా. పనికొచ్చే వస్తువుని పారేయడం నా చేతికి రాదు.

ఈ వానాకాలం ఓ పొద్దున్న మిషను లేవలేదు. ఫ్యాను తిరుగుతోంది, తెర నల్లగానే ఉంది, బోర్డు మీద ర్యామ్ పక్కనుండే చిన్న దీపం ఎర్రగా వెలుగుతోంది. సాయంత్రానికల్లా పంపాల్సిన ఫొటోలు గుట్టగా ఉన్నాయి. అమ్మాయి ర్యామ్ బయటికి తీసి, దాని పసుపు అంచుల్ని రబ్బరుతో రుద్ది, మళ్లీ పెట్టింది. లేవలేదు. రెండో స్లాట్‌లో పెట్టి చూసింది. ఆ స్లాట్‌లోకి ఏదైనా వెళ్లడం అదే మొదటిసారి. అందులోనూ లేవలేదు. ఉప్పు తినేసింది, నేను భయపడ్డట్టే.

నేను అనుకున్నట్టే జరిగింది చివరికి. ఇన్నాళ్లూ ఎదురుచూసిన క్షణం వచ్చి గుమ్మంలో నిలబడింది. కొత్తది ఇప్పుడే ఎవరో ఇచ్చారని చెబుదామా అనుకున్నాను, బీరువా దాకా వెళ్లేలోపు రెండు మూడు అబద్ధాలు అల్లుకున్నాను కూడా. డబ్బా తెచ్చి దాని ముందు పెట్టాను. మూత తీసింది. వెండి కవరు చూసింది, పక్కనున్న మాస్టారి బిల్లు తెరిచి తేదీ చూడనైనా లేదు. ఇది అప్పుడు మాస్టారు, అని మొదలుపెట్టాను.

"తెలుసు నాన్నా," అంది. "షిప్పు దిగిన సాయంత్రమే మాస్టారు నాకు ఫోన్ చేశారు, మీ నాన్నకిచ్చాను, లేబుల్ సరిపోయిందా అని. పరీక్ష పొద్దున్న ఇస్తావనుకున్నాను. వాచీ ఇచ్చినట్టు. అందుకే మూత తీసి, స్క్రూ డ్రైవర్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను."

నేను బిగించిన స్క్రూలు నాకు గుర్తొచ్చాయి. అయినా అప్పుడు కూడా నా నోరు నా వైపే మాట్లాడింది.

"అడగొచ్చు కదమ్మా."

"ఇవ్వొచ్చు కదా నాన్నా."

గట్టిగా అనలేదు. కోపంగా కూడా అనలేదు. కవరు చింపి, పలక తీసి, మొదటి స్లాట్‌లో పెట్టి నొక్కింది. క్లిప్పులు టక్‌మన్నాయి. తెర వెలిగింది, చేపల మధ్య ఎవరో కొత్తగా పెళ్లయిన జంట నవ్వుతూ కనబడింది. రెండో స్లాట్ మళ్లీ ఖాళీ. మాస్టారు వచ్చే నెల వెళ్తున్నారు, ఇంకొకటి తెప్పిస్తాను, తెచ్చిన రోజే నీ చేతికిస్తాను అన్నాను.

వద్దు నాన్నా, ఫొటోలకి ఒకటి చాలు అంది.

మూత పెట్టి, స్క్రూలు ఒక్కొక్కటే బిగించింది. స్క్రూ డ్రైవర్‌ని చున్నీ అంచుతో తుడిచి, లేచి వెళ్లి నా పెట్టెలో దాని చోట దాన్ని పెట్టి వచ్చి, ఫొటోల పనిలో కూర్చుంది.